దీనమ్మ పేరు పక్కన రాసిన మాట

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక కెజియా మా షాదీపూర్ ఇంటికొచ్చింది. మా సంఘ కార్యదర్శి కూతురు, మంచి పిల్ల. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ అక్షరం చదవలేదు. చదవడం ఈ దీవుల్లో ఎవరు నేర్పారు గనక! చెప్పులు విప్పుతూనే, "తాతా, గరాచర్మ కొత్త మందిరంలో గోడకి రాయి పెడుతున్నారు. షురూ నుంచీ సేవ చేసిన సేవకుల పేర్లన్నీ చెక్కిస్తారంట. పాతోళ్ళ పేర్లు మీకు తప్ప కిసీకో మాలూమ్ నహీ" అంది. నేను చెబుతూ పోయాను, ఆ పిల్ల ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ పోయింది. ఓడ దిగిన మొదటి అయ్యగారి దగ్గర్నుంచి నిన్నమొన్నటి పాస్టరు దాకా, మధ్యలో పాటలు నేర్పినవాళ్ళు, ఆదివారపు బడి నడిపినవాళ్ళు, అందరినీ వరసగా చెప్పాను. "ఇంకెవరైనా ఉన్నారా తాతా?" అని అడిగింది. "అంతే" అన్నాను. "ఆఖర్న మీ పేరు. కమిటీ వాళ్ళు ముందే చెప్పారు, సంఘ సేవకులు దావీదు గారు అని పెట్టమని." అబద్ధం ఎందుకు, సంతోషించాను. టీ ఇప్పించి పంపాను.

ఆ పిల్ల వెళ్ళాక వాన పట్టుకుంది. అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. రేకు మగ్గు డ్రమ్ము అంచుకి తగిలి టంగుమని, ఆ వెంటనే నీళ్ళలో మునిగి గుడగుడమని. మా ఇంట్లో డ్రమ్ము లేదు, కుళాయి ఉంది. మా కోడలు వంటింట్లో కూడా లేదు. కుర్చీలోంచి లేచి వెళ్ళి గుమ్మం దగ్గర చూశాను కూడా, ఈ వయసులో, సిగ్గు లేకుండా. ఎవరూ లేరు. ఎవరు ఉండాలో నాకు తెలుసు. ఇప్పుడు చెప్పిన వరసలో నేను ఎవరి పేరు చెప్పలేదో కూడా తెలుసు. మరిచిపోయి చెప్పకపోవడం కాదది. ఆమెని చెప్పకపోవడం నాకు అలవాటైపోయింది.

మా చిన్ననాటి మందిరం రేకుల షెడ్డు. స్వాతంత్ర్యం వచ్చాక తెలుగు దేశపు తీరం నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబాలు కొన్ని కలిసి కట్టుకున్నది. ప్రోతరాపూర్ నుంచీ, ఇటు గరాచర్మ నుంచీ జనం నడిచి వచ్చేవాళ్ళు, ఎర్రమట్టిలో, ఏడాదిలో ముప్పాతిక భాగం వానలో. ఆదివారం మా ఇల్లు ఎలా ఉండేదంటే, పొయ్యి మీద దండెం కట్టి ఆరేసిన బట్టలకి పొగ వాసన, కిరసనాయిలు వాసన, రాత్రి మిగిలిన చేపల పులుసు వాసన అన్నీ కలిసి పట్టేసేవి. మా నాన్న కొబ్బరి చిప్పల నిప్పులతో చొక్కా ఇస్త్రీ చేసుకుని, ఉన్న ఒక్క జత బూట్లు తుడిచి, తొడుక్కోకుండా చేత్తో పట్టుకుని బయల్దేరేవాడు. మందిరం గుమ్మం దాకా బురద కాళ్ళు, లోపల బూట్లు. ఆ రెంటికీ మధ్య దీనమ్మ ఉండేది.

తారు పీపా అడ్డంగా కోసిన డ్రమ్ము ఒకటి గుమ్మం పక్కన. దాని వెనకాల గోనె పట్టా తల మీద కప్పుకుని ఆమె. పల్లంలో ఉన్న బావి నుంచి తెల్లారకముందే రెండేసి బిందెల చొప్పున మోసి డ్రమ్ము నింపేది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కాలు చాపితే మగ్గుతో నీళ్ళు పోసి, పిల్లలూ ముసలివాళ్ళూ అయితే వంగి చేత్తో రుద్ది, వేళ్ళ సందుల్లో జలగ కనిపిస్తే ఉప్పు చిటికెడు వేసి ఊడగొట్టి, లోపలికి పంపేది. ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఆఖరి పాట దాకా వస్తూనే ఉంటారు కదా, అందుకని ఆమె లోపలికి వచ్చి కూర్చున్న ఆదివారం నేను చూడలేదు. ఉత్తరాంధ్ర తీరంలో చేపల బుట్ట మోసిన మనిషి. మొగుణ్ణి సముద్రం పట్టుకుపోయాక ఎవరితోనో ఓడెక్కి వచ్చి ఇక్కడ బాప్తిస్మం తీసుకుంది. ముందు పేరు నూకాలు. అయ్యగారు దీనమ్మ అని పెట్టారు. మాకందరికీ దీనమ్మత్త.

వాక్యం ఆమెకి రేకుల మీద వాన చప్పుడులో ముక్కలు ముక్కలుగా వినిపించేది. ఆరాధన అయ్యాక, రొట్టె, ద్రాక్షరసం పంచిన ప్రభువు బల్ల గిన్నెలు కడుగుతూ నన్ను పిలిచేది. అప్పటికి నాకు ఇరవై నిండలేదు. బడికి పోయింది మూడేళ్ళే అయినా పాటల పుస్తకం ముందు పెట్టుకుని నాకు నేనే చదవడం నేర్చుకున్నాను. బోర్డుల మీద అక్షరాలు రాయడం కూడా అలాగే వచ్చింది. మందిరం గోడ మీది వాక్యాలన్నీ నా చేతివే.

"ఒరే గుంటడా, ఈయేల ఏటి సెప్పారురా అయ్యగారు?"

"సేవకుడిగా ఉండాలని చెప్పారత్తా. ప్రభువే తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడంట. గొప్పవాడు కావాలంటే అందరికీ దాసుడు కావాలంట. నేను కూడా మీ దాసుణ్ణే అన్నారు అయ్యగారు."

"అలగన్నారా?" అని గిన్నె బోర్లించి నవ్వింది. "మరయితే రేపాదివారం నీలు ఆయన్ని మొయ్యమను."

మా అయ్యగారు చెడ్డవారని నేను అనను. జ్వరమొస్తే గొడుగేసుకుని ఇంటింటికీ వచ్చిన మనిషి. ఆసుపత్రిలో ఎవరూ లేనివాళ్ళ మంచం పక్కన కూర్చున్న మనిషి. కానీ ఆయనకి ఒక మాట మీద విపరీతమైన మమకారం. మందిరం ముందు బోర్డు మీద ఆయన పేరు ముందు 'దైవసేవకులు' అని నేనే రాశాను, ఎర్ర రంగుతో, మిగతా అక్షరాల కంటే పెద్దగా రాయమంటే పెద్దగానే. ఆయన ఓడ దిగిన కొత్తలో రేషన్ కార్డు ఆఫీసుకి వెళితే గుమాస్తా ఏం పని చేస్తావని హిందీలో అడిగాడట. "మై సేవక్ హూఁ" అన్నారట ఈయన. గుమాస్తా తల ఊపి కార్డు మీద 'నౌకర్' అని రాసేశాడు. ఆ ఒక్క మాట మార్పించుకోడానికి అయ్యగారు వరసగా మూడు రోజులు ఆ ఆఫీసు మెట్లెక్కారు. మా నాన్న ఈ సంగతి చెప్పి చెప్పి నవ్వేవాడు. నేనూ నవ్వాను. సేవకుడంటే నౌకరు కాదని ఆ గుమాస్తాకి తప్ప లోకంలో అందరికీ తెలుసు అనుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, ఆ ఆఫీసు మొత్తంలో వాక్యం సరిగ్గా అర్థమైనవాడు ఆ గుమాస్తా ఒక్కడేనని.

మంచి శుక్రవారానికి ముందురోజు కాళ్ళు కడిగే ఆరాధన ఉండేది. అది ఎండల కాలం, బావిలో నీళ్ళు అడుగంటే కాలం. దీనమ్మత్త ఎక్కడో దూరపు ఊట నుంచి మోసుకొచ్చి, కాచి, ఇత్తడి పళ్ళెంలో పోసి, కొత్త తువ్వాలు మడిచి పెట్టేది. సంఘంలో పన్నెండుమంది పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చునేవారు. అందరూ ఇంటి దగ్గర సబ్బుతో కాళ్ళు రుద్దుకుని, గోళ్ళు తీసుకుని, కొబ్బరినూనె రాసుకుని వచ్చేవాళ్ళు. కాళ్ళు అద్దాల్లా మెరిసేవి. అయ్యగారు మోకాళ్ళ కింద దిండు వేసుకుని ఒక్కొక్క కాలి మీదా చారెడు నీళ్ళు పోసి అద్దేవారు. అమ్మగార్లు కళ్ళొత్తుకునేవారు. అయిపోయాక పళ్ళెం దీనమ్మత్త చేతికిస్తే, ఆమె వెలుతురులో పట్టుకుని చూసి, "ఇందులో మట్టి నలుసైనా నేదురా. పారబొయ్యడం ఎందుకు, మెరప మొక్కలకి పోత్తాను" అని పట్టుకుపోయేది.

ఒక ఏడు పన్నెండో ఆయనకి ఒంట్లో బాగాలేక రాలేదు. కుర్చీ ఖాళీ. వెనకనించి ఎవరో, "దీనమ్మనే కూర్చోబెట్టండి" అన్నారు. హాస్యానికే అన్నారు. జనం కిసుక్కుమన్నారు. ఆమె గుమ్మం దగ్గర వేణ్ణీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. పగిలిన మడమలు, గోళ్ళలో ఏళ్ళనాటి ఎరుపు. అయ్యగారు ఒక్క క్షణం అటు చూశారు. ఆ క్షణంలో ఆయన ఆమెనే పిలవగలిగేవారు. "దావీదూ, నువ్వు రా" అన్నారు. వెళ్ళి కూర్చున్నాను. నా కాళ్ళ మీద పడిన ఆ గోరువెచ్చని నీళ్ళు ఆమె మోసినవి, ఆమె కాచినవి. తలెత్తి చూస్తే ఆమె నాకేసి చూసి, వెళ్ళు వెళ్ళు పరవాలేదన్నట్టు గడ్డం ఊపింది.

ఆమె తన పేరు రాసి ఉండగా ఎప్పుడూ చూడలేదట. ఒకనాడు వసారాలో సుద్ద ముక్కతో పలక మీద రాసి చూపించాను. చాలాసేపు చూసింది. "ఇదేనా నాను? ఇంత సిన్నగున్నానేటి?" అంది. తరవాత, "అయ్యగారి పేరుకి బోర్డు మీద ఏదో పొడుగ్గా తగిలించావు కదా, అదీ పెట్టు" అంది.

"అది దైవసేవకులు అత్తా. వాళ్ళకే పెడతారు."

"మరి నాను సేత్తున్నదేటిరా?"

ఆమే నవ్వేసి, పమిటతో పలక తుడిచేసింది. "ఇప్పుడొద్దులే, సూత్తే ఎల్లగొట్టేత్తారు. నాను పోయాక రాద్దువు గాని."

ఆ వానాకాలమే ఆమె పోయింది. శనివారం జ్వరంతో ఆసుపత్రిలో చేర్చారని మాకెవరికీ తెలియదు. ఆదివారం జనం వచ్చేసరికి డ్రమ్ము ఖాళీ. ఒకరి వెనక ఒకరు బురద కాళ్ళతోనే లోపలికి నడిచారు. ఆ రోజు మందిరం ఎలా ఉందో ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. ప్రసంగ పీఠం దాకా ఎర్రటి అడుగులు, చాపల మీద ముద్దలు, అయ్యగారి తెల్లంగీ అంచు మోకాలి దాకా ఎరుపు. "ఈ దీనమ్మ ఎక్కడ చచ్చిందో" అని విసుక్కున్నాడు మేస్త్రీ గారు, మా పెద్దల్లో పెద్ద. దీవెన చెప్పాక ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. తెల్లవారుజామునే పోయింది. మేస్త్రీ గారు తల పట్టుకుని ఆ బురదలోనే కూర్చుండిపోయాడు. ఆయన్ని ఒక్కణ్ణి అని ఏం లాభం, అందరం మనసులో అదే అనుకుని ఉన్నాం.

సమాధి మీదికి పడౌక్ చెక్కతో సిలువ చేయించారు. ఎర్రటి గట్టి చెక్క, ఈ దీవుల చెక్క. అక్షరాలు నన్ను రాయమన్నారు. తెల్ల రంగులో నూనె కాస్త ఎక్కువే కలిపి, అక్షరాలు గుండ్రంగా వచ్చేలా రాశాను. దీనమ్మ. కింద, దైవసేవకురాలు. ఆరబెడదామని మందిరం పక్క గదిలో ఆనించి ఉంచితే, మధ్యాహ్నం అయ్యగారు వచ్చి చూశారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఎదురు తిరిగేవాణ్ణేమో.

"దావీదూ, ఆమె మీద నీకున్న ప్రేమ నాకు తెలుసు. కానీ ఆ మాట వెనక బోధకులకి చేసే అభిషేకం ఉంది బాబూ. పేరు చాలు."

"ఆవిడ చేసింది సేవ కాదా అయ్యగారూ?"

"సేవే, ఎవరు కాదన్నారు? సేవ వేరు, సేవకత్వం వేరు."

ఆ రెంటికీ తేడా ఏమిటో అని యాభై ఏళ్ళకి పైగా వెతుకుతున్నాను. దొరికిన ప్రతి నిఘంటువూ తిరగేశాను. దొరకలేదు. దొరకదు కూడా, ఎందుకంటే లేదు గనక. అప్పుడా మాట ఆయన మొహం మీద అనలేకపోయాను. ఆయన గుమ్మం దాకా వెళ్ళి, మెల్లగా వెనక్కి తిరిగి, "నీ ఉత్తరం రాసి పెట్టాను. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళు" అన్నారు.

ఆ ఉత్తరం సంగతి చెప్పాలి. ఓడలు బాగుచేసే యార్డులో పెయింటరు ఉద్యోగం ఖాళీ పడింది. నా నడవడి మంచిదని పెద్దమనిషి ఒకరు రాసివ్వాలి. మా నాన్నకి అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు, ఇంట్లో నేనే పెద్దవాణ్ణి. అయ్యగారు బెదిరించారని అంటే పాపం నాకే తగులుతుంది. ఆయన ఆ రెండు మాటలూ ఒకదాని వెనక ఒకటి అన్నారంతే. నేనే వాటిని ముడిపెట్టుకున్నాను. గాజు పెంకు తీసుకుని కూర్చున్నాను. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. దై పోయింది, వ పోయింది. అక్షరం అక్షరం గీకుతుంటే చెక్క పొట్టు ఎర్రగా నా పాదాల మీద రాలింది. సాయంత్రం వెళ్ళి ఉత్తరం తెచ్చుకున్నాను. ఇంగ్లీషులో ఉంది. చాలా ఏళ్ళకి ఇంగ్లీషు కూడబలుక్కోవడం నేర్చుకున్నాక దాచుకున్న దాని నకలు తీసి చదివితే, అడుగున ఆ యార్డు దొరకి 'యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్' అని సంతకం చేసి ఉంది. దొరకి దాసుడు కావడానికి ఆయనకి ఏ అభిషేకమూ అడ్డు రాలేదు.

ఇక్కడితో అయిపోతే ఈ కథ నేను ఎవరికైనా చెప్పుకోగలిగేవాణ్ణి, అయ్యగార్ని తిట్టుకుంటూ. అయిపోలేదు.

మరుసటేడు వానలు మొదలయ్యాక కొండ మీది సమాధుల దొడ్డికి వెళ్ళినవాళ్ళెవరో వచ్చి చెప్పారు, దీనమ్మ సిలువ మీద పేరు కింద ఏదో రాత తేలుతోందని. వెళ్ళి చూశాను. నిజమే. ఎండలో ఏమీ లేదు. వాన పడితే చుట్టూ చెక్క తడిసి నల్లబడుతుంది, నూనె పీల్చుకున్నచోట నీళ్ళు ఇంకవు. తడి చెక్క మీద పొడిగా, పాలిపోయి, నా చేతి అక్షరాలే, గుండ్రంగా. దైవసేవకురాలు. వాన వెలిస్తే మాయం. నేను పెయింటర్ని, కారణం నాకు తెలుసు. కారణం తెలిసినంత మాత్రాన ఒళ్ళు జలదరించకుండా ఉండదు. ఆడవాళ్ళు వెళ్ళి మోకరించి రావడం మొదలెట్టారు. "దేవుడు రాశాడు" అన్నారు కొందరు. "కాదు, ఎవరో రాసి గీకేశారు, గీతలు కనబడుతున్నాయి. ఎవడా పాపాత్ముడు?" అన్నారు కొందరు, నా ముందే. ఒకరోజు అయ్యగారు కూడా వచ్చారు. నేను దూరంగా చెట్ల కింద ఉన్నాను. గొడుగు పట్టుకుని ఆ సిలువ ముందు చాలాసేపు నిలబడ్డారు. గొడుగు వాలిపోయి వీపు తడుస్తున్నా కదల్లేదు. తరవాత వెళ్ళిపోయారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. తీసెయ్యమనలేదు.

నేను వెళ్ళాను. ఎవరూ చెప్పకుండా, ఎవరూ అడక్కుండా. అప్పటికి ఉద్యోగం పర్మనెంటు అయ్యింది, ఎవరి ఉత్తరమూ నాకు అక్కర్లేదు. యార్డులో ఓడల అడుక్కి పూసే నల్ల రంగు ఒక డబ్బా పట్టుకెళ్ళాను. ఉప్పునీటిలో ఏళ్ళ తరబడి నానినా పోని రంగు. మూడు పూతలు పూశాను. ఆమె పేరు దాకా రానివ్వకుండా జాగ్రత్తగా, చెయ్యి తిరిగిన పనివాడిలా. ఎందుకు పూశానంటే, వానొచ్చినప్పుడల్లా ఆ కొండ మీద నా పిరికితనం అందరికీ కనబడుతోంది, అందుకు. ఆ ఆదివారం అయ్యగారు నన్ను గుమ్మం దగ్గర ఆపి, "ఎందుకు చేశావు బాబూ? నేనేమీ అనలేదే" అన్నారు. ఆయన గొంతులో బతిమాలుతున్నట్టు ఏదో ఉంది. ఆ మాట అక్కడ ఉండిపోవాలని ఆయనకీ ఉందని అప్పుడు అర్థమైంది. కొన్నాళ్ళకి బదిలీ మీద ఓడెక్కి వెళ్ళిపోయారు. ఆ నల్లదనం మాత్రం సిలువ పుచ్చి పడిపోయేదాకా అలాగే ఉంది. ఇప్పుడు ఆ చోట ఇంకెవరిదో టైల్స్ సమాధి.

గరాచర్మ మందిరంలో పాలరాయి నేల. బస్సు దిగి పది అడుగులు నడిస్తే గుమ్మం, బురద అంటే పిల్లలకి తెలియదు. సేవకత్వం మీద ప్రసంగం ఈమధ్య కూడా విన్నాను, తెర మీద బొమ్మలతో. బయట ఒక రాంచీ అమ్మాయి, కూలికి ఈ దీవులకొచ్చినవాళ్ళ పిల్ల, తడిగుడ్డతో మెట్లు తుడుస్తోంది. నేను ఆగి "నామ్ క్యా హై బేటీ?" అని అడిగితే, తప్పు చేసినదానిలా లేచి నిలబడింది. రెండేళ్ళుగా ఆ మెట్లు ఎక్కి దిగుతున్నాను. ఆ రోజే పేరు అడిగాను.

నిన్న కెజియాని మళ్ళీ పిలిపించాను. ఇదంతా చెప్పాను. ఆ పిల్ల ఫోన్ పక్కన పెట్టేసి విన్నది. ఆఖర్న కాగితం మీద పేరూ, పక్కన ఆ మాటా నా చేత్తో రాసి ఇచ్చాను. ఈసారి అక్షరాలు గుండ్రంగా రాలేదు.

"కమిటీ వాళ్ళు ఒప్పుకోరేమో తాతా. ఆ రాయి పాస్టర్లకీ పెద్దలకీ అనుకుంటున్నారు. నాన్నని అడుగుతాను."

"అడుగు. ఒప్పుకోకపోతే నా పేరు తీసెయ్యమను. సేవకులు అన్న మాట కింద ఆమె లేకుండా నేను ఉండను. కాదని చెక్కిస్తే నేనే వచ్చి గీకేస్తానని చెప్పు మీ నాన్నకి."

"అది గ్రానైట్ తాతా," అంది నవ్వుతూ, నాకు కోపమొచ్చిందనుకుని బుజ్జగిస్తూ. "గీకితే పోదు."

"చెక్క మీదే పోలేదమ్మా" అన్నాను.